హద్దులు చదువుకుంటూ ఆరు రోజులు: హ్యూరన్ సరస్సు దారిలో చిప్పెవాల భూమి కాగితాలు

కెనడాలో ఒంటారియో రాష్ట్రపు బ్రాంప్టన్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఆ ఇంటి కాగితాలు ఎంత వెనక్కి తవ్వినా చివరికి బ్రిటన్ రాజు పేరిట ఇచ్చిన తొలి పట్టా దగ్గర ఆగుతాయి. ఆ రాజుకు ఆ నేల ఎక్కడిదో చెప్పే కాగితం మాత్రం ఆ కట్టలో ఉండదు. అది 1818 అక్టోబరు 28 నాటి ఒప్పందం. అజెటన్స్ అనే పెద్ద, ఆయనతో పాటు మరికొందరు మిసిసాగా తెగ పెద్దలు దాని మీద గుర్తులు పెట్టారు. 6,48,000 ఎకరాలు చేతులు మారాయి. బదులుగా ఏటా 522 పౌండ్ల 10 షిల్లింగుల విలువ చేసే సరుకు ఇస్తామన్నారు. ఇప్పటి బ్రాంప్టన్‌లో చాలా భాగం ఆ గీతల లోపలే ఉంది.

ఇలాంటి కాగితాలు దక్షిణ ఒంటారియో నిండా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని, 29వ నంబరు ఒప్పందాన్ని, ఈ ఆరు రోజుల్లో నేల మీద నడుస్తూ చదువుతాం. కారులో మొత్తం వెయ్యి కిలోమీటర్ల లోపే. మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లాలి. చలికాలంలో హ్యూరన్ సరస్సు మీంచి వచ్చే మంచు గాలికి 21వ నంబరు రోడ్డు మూసేసే రోజులుంటాయి.

బయల్దేరే ముందు రెండు మాటలు. చిప్పెవా, ఒజిబ్వే ఒకే పేరుకు రెండు ఉచ్చారణలు. వాళ్లు తమను తాము అనిషినాబే అంటారు, మిసిసాగాలూ ఆ కుదురువాళ్లే. నైరుతి ఒంటారియో సర్కారు కాగితాల్లో చిప్పెవా అన్న మాటే స్థిరపడింది, అక్కడి మూడు నాలుగు సంఘాల అధికారిక పేర్లలో నేటికీ అదే ఉంది. ఇక ఒప్పందాల నంబర్లను నమ్ముకుని కాలక్రమం వేసుకోకండి. 1781లో నయాగరా నది పడమటి ఒడ్డున నాలుగు మైళ్ల వెడల్పు పట్టీని 300 జతల బట్టలకు తీసుకున్న ఒప్పందం నంబరు 381. మధ్యలో 27½, 45½ లాంటివీ తగులుతాయి. మన దగ్గర ముందు అగ్రిమెంటు, తర్వాత రిజిస్ట్రేషన్ అయినట్టే ఇక్కడా ఒకే భూమికి రెండు కాగితాలు పుట్టాయి. 1825 నాటి అగ్రిమెంటు 27½, దాని తుది దస్తావేజు 29.

ప్రతి దస్తావేజులో నాలుగు చూడాలి: ఎవరు గుర్తు పెట్టారు, హద్దులేమిటి, ఏమిస్తామన్నారు, ఏం అట్టే పెట్టుకున్నారు. అందరూ మూడోదాని దగ్గర ఆగి, ఇంత చవకా అని నోరు వెళ్లబెడతారు. అసలు చూడాల్సింది నాలుగోది. ఇచ్చేసిన లక్షల ఎకరాల మాట అటుంచి, మాకు ఉంచండి అని రాయించుకున్న కాసిన్ని ఎకరాలు తర్వాత ఏమయ్యాయో చూస్తే ఈ ఒప్పందాలు ఎలా నడిచాయో తెలుస్తుంది.

మొదటి రోజు: బ్రాంప్టన్ – లండన్ – థేమ్స్ నది

401 హైవే మీద పడమటికి సుమారు 170 కిలోమీటర్లు. లండన్ (ఇంగ్లండ్‌ది కాదు, ఒంటారియోలోదే) ఊళ్లో నేరుగా నదుల కూడలికి వెళ్లండి, థేమ్స్ రెండు పాయలు కలిసేది అక్కడే. అనిషినాబేలకు ఇది దెష్కాన్ జీబీ, కొమ్ముల నది. 1793లో ఇక్కడికొచ్చిన లెఫ్టినెంట్ గవర్నర్ సింకో రాజధాని ఇక్కడే కట్టాలనుకున్నాడు. 1796 సెప్టెంబరు 7న, సర్కారు తరఫున తెగల వ్యవహారాలు చూసే అలెగ్జాండర్ మెకీ ఈ చోటు చుట్టూ పన్నెండు మైళ్ల చదరాన్ని చిప్పెవాల నుంచి తీసుకున్నాడు. ధర 1,200 పౌండ్లు, క్యూబెక్ కరెన్సీలో, సరుకుగా. లెక్క వేస్తే 92,160 ఎకరాలు. రాజధాని రాలేదు గానీ భూమి మాత్రం వెళ్లిపోయింది.

ఈ దస్తావేజు కాస్త పద్ధతిగా రాశారంటే దానికో కారణం ఉంది. 1787లో టొరొంటో దగ్గర భూమి కొన్నామని చెప్పుకున్న కాగితాన్ని ఏడేళ్ల తర్వాత తీసి చూస్తే హద్దులు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ముగ్గురు పెద్దల గుర్తులున్న చీటీలు విడిగా అతికించి ఉన్నాయి. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకోవడం అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దాంతో గవర్నర్ జనరల్ లార్డ్ డార్చెస్టర్ 1794 డిసెంబరులో నియమాలు పెట్టాడు. కొనుగోలు బహిరంగ సభలోనే జరగాలి, హద్దులు స్పష్టంగా ఉండాలి, మూడు ప్రతులు రాయాలి, ఒకటి పెద్దలకు ఇవ్వాలి. టొరొంటో భూమికి 1805లో మళ్లీ కాగితం రాయించి పది షిల్లింగులు చేతిలో పెట్టారు. ఆ లెక్క తేలేసరికి 2010 వచ్చింది, తేల్చిన మొత్తం 14.5 కోట్ల డాలర్లు.

మధ్యాహ్నం లాంగ్‌వుడ్స్ రోడ్డు మీద నైరుతికి దిగితే అరగంటలో చిప్పెవాస్ ఆఫ్ ది థేమ్స్ రిజర్వు. ఇది 1819లో మొదలై 1822లో ముగిసిన మరో ఒప్పందంలో అట్టే పెట్టుకున్న నేల. ఆ కాగితంలో ఒక కొత్త పద్ధతి కనిపిస్తుంది. ఏడాదికి ఇంత మొత్తం అని వదిలేయకుండా తలకు రెండు పౌండ్ల పది షిల్లింగులు అని కట్టారు, తలలు 240 దాటకూడదన్నారు. అంటే గరిష్ఠం 600 పౌండ్లు. జనం పెరిగితే వాటా చీలుతుంది.

ఇదే రిజర్వులో మౌంట్ ఎల్గిన్ బడి స్థలం ఉంది. పిల్లల్ని ఇళ్ల నుంచి దూరం చేసి వ్యవసాయం, చాకిరీ నేర్పిన బడి ఇది. 1851 నుంచి 1946 దాకా నడిచింది. ఇప్పుడు మిగిలింది పశువుల కొట్టం. దాని గోడల మీద పిల్లలు చెక్కిన పేర్లు కనిపిస్తాయి. ఇలాంటి బళ్లకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా తెలియాలి. 1846 జూలైలో ఒరిలియా సభలో చాలా సంఘాల పెద్దలు భూమికి బదులుగా ఏటేటా తమకు అందే సొమ్ములో నాలుగో వంతు పాతికేళ్ల పాటు బళ్లకు ఇస్తామని ఒప్పుకున్నారు. అలా వచ్చిన సొమ్మే మళ్లీ ఇటు మళ్లింది. కొట్టం దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాండ్ ఆఫీసుకు, అంటే రిజర్వును నడిపే సంఘం కార్యాలయానికి, ఫోన్ చేసి అడగండి. ఫోటో సంగతి కూడా అప్పుడే అడగాలి. రాత్రికి తిరిగి లండన్‌లో బస.

రెండో రోజు: ఆమ్‌హర్స్ట్‌బర్గ్

లండన్ నుంచి రెండు వందల కిలోమీటర్లు. దారంతా బల్లపరుపు నేల, మొక్కజొన్న, సోయా. విండ్సర్ దాటి డెట్రాయిట్ నది ఒడ్డునే దక్షిణానికి పోతే ఆమ్‌హర్స్ట్‌బర్గ్, అందులో ఫోర్ట్ మాల్డెన్. 1796లో బ్రిటిష్ వాళ్లు డెట్రాయిట్‌ను అమెరికాకు అప్పగించి నదికి ఇటువైపు కట్టుకున్న కోట ఇది. ఏటా తెగలకు సర్కారు కానుకలు పంచిన చోటు కాబట్టి పెద్దలంతా చేరడానికి అలవాటైన తావు. 29వ నంబరు దస్తావేజు మీద గుర్తులు పడింది ఈ ఊళ్లోనే, 1827 జూలై 10న.

అసలు కాగితాల కోసం ఇక్కడ వెతక్కండి, అవి ఒట్టావాలో జాతీయ అభిలేఖాలయంలో ఉన్నాయి. స్కాన్ చేసిన ప్రతులు ముందే ఫోన్‌లోకి దించుకుని, గట్టు మీద బల్ల చూసుకుని కూర్చుని చదవండి. తొందర పడాల్సిన రోజు కాదిది.

మొదట అడుగు భాగం చూడండి. పద్దెనిమిది మంది పెద్దల పేర్లు, వవనోష్ అందులో ఒకరు. ఈ కాలపు ఒప్పందాల్లో పెద్దలు గుర్తుగా వేసేది తమ డోడెమ్, అంటే వంశపు జంతువు. ఒకచోట కొంగ, ఒకచోట చేప, ఇంకోచోట తాబేలు, రెండు మూడు సిరా గీతల్లో. చదువు రాక వేసిన వేలిముద్రలాంటిది అనుకుంటే పొరపాటే. డోడెమ్ తండ్రి నుంచి వస్తుంది, ఒకే డోడెమ్ వాళ్లు పెళ్లాడరు. మన గోత్రానికి చాలా దగ్గర. అంటే ఆ కొంగ బొమ్మ ఒక మనిషి సంతకంగా కాక ఒక వంశం మాటగా పడింది. గుమాస్తా పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరు మాత్రం అతని చెవికి వినిపించినట్టు ఉంటుంది. ఒకే పెద్ద పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి.

ఇక పైకి రండి. భూమి 21,82,049 ఎకరాలు. హ్యూరన్ సరస్సు ఆగ్నేయపు ఒడ్డు, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డు, వాటి వెనక లోపలికి పోయే అడవి. సొమ్ము 1,100 పౌండ్లు, ఏడాదికి, సరుకుగా. ఎకరానికి ఏడాదికి పెన్నీలో ఎనిమిదో వంతు పడుతుంది. లెక్క ఎలా వచ్చిందంటే తలకు రెండు పౌండ్ల పది షిల్లింగుల చొప్పున 440 మందికి. తర్వాత ఒక వాక్యం: జనం సగానికి తగ్గితే సొమ్మూ సగానికి తగ్గుతుంది. పెరిగితే ఏమిటో ఆ కాగితంలో లేదు.

ఆ లేని వాక్యం విలువ ఎంతో ఉత్తరాన తేలింది. 1850లో సర్కారు తరఫున విలియం రాబిన్సన్ సుపీరియర్, హ్యూరన్ సరస్సుల ఉత్తరపు ఒడ్డుల కోసం రాసిన రెండు ఒప్పందాల్లో, భూమి మీద ఆదాయం పెరిగితే ఏటి సొమ్ము పెంచుతామన్న మాట ఉంది. 1875లో తలకు నాలుగు డాలర్లు చేసి అక్కడే ఆపేశారు. నూట యాభై ఏళ్లకు ఆ ఒక్క మాట పట్టుకుని హ్యూరన్ వైపు సంఘాలు 1,000 కోట్ల డాలర్లకు పరిష్కారం తెచ్చుకున్నాయి, 2024 జూలైలో సుప్రీంకోర్టు కూడా సర్కారు మాట తప్పిందని తేల్చింది. 1827 కాగితానికి ఆ దారి లేదు.

ఏటి సొమ్ము పద్ధతి 1818కి ముందు ఇలా లేదు. 1790లో మెకీ ఈరీ సరస్సు ఒడ్డు పొడవునా భూమి తీసుకున్నప్పుడు 1,200 పౌండ్ల సరుకు ఒక్కసారి ఇచ్చి ముగించాడు. అమెరికాతో 1812లో మొదలైన యుద్ధం ఖర్చుల తర్వాత ఇంగ్లండ్‌లోని ఖజానా చేతులెత్తేసింది, భూమి డబ్బు మీరే చూసుకోండంది. వలసవచ్చిన రైతులకు భూమి వాయిదాల మీద అమ్మి, వాళ్లు కట్టే వడ్డీలోంచి తెగలకు ఏటా ఇస్తే సర్కారు జేబు తాకక్కర్లేదు. మన పల్లె షావుకారికి కూడా నచ్చే ఏర్పాటు.

చివరికి నాలుగోది. అట్టే పెట్టుకున్న నేల నాలుగు ముక్కలు: సెయింట్ క్లెయిర్ మీద సార్నియా దగ్గర 10,280 ఎకరాలు, అదే నది మీద మూర్ టౌన్‌షిప్‌లో 2,575, కెటిల్ పాయింట్‌లో 2,446, సాబుల్ నది దగ్గర స్టోనీ పాయింట్‌లో 2,650. మొత్తం 17,951. నూటికి ఒక ఎకరం కూడా కాదు. నాలుగో, ఐదో రోజులు ఈ నాలుగు ముక్కల వెంటే.

మూడో రోజు: వాల్పోల్ దీవి

ఆమ్‌హర్స్ట్‌బర్గ్ నుంచి వాలస్‌బర్గ్ మీదుగా రెండు గంటలు. ఊరు దాటాక ఇరుకైన నదీపాయ మీద వంతెన వస్తుంది. ఆ పాయ పేరు షెనల్ ఎకార్టే, స్థానికులు స్నై అంటారు. వంతెన దాటితే బ్కెజ్వనాంగ్, నీళ్లు చీలే చోటు. ఈ దీవులను ఎవరూ ఎప్పుడూ ఏ కాగితం మీదా వదులుకోలేదు. గీతలు గీసిన నేలల మధ్య గీత పడని నేల ఎలా ఉంటుందో చూడటానికే ఈ రోజు. నీటిదుబ్బులు, ఓక్ చెట్లు, దక్షిణ ఒంటారియోలో ఇంకెక్కడా పెద్దగా మిగలని పొడుగు గడ్డి మైదానం ఇక్కడ మిగిలాయి. 1812 యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల పక్షాన పోరాడిన షానీ తెగ నాయకుడు టెకుమ్సే అస్థులని నమ్మేవి ఉంచి 1941లో కట్టిన రాతి స్మారకం నది ఒడ్డున ఉంది.

పాయకు ఇవతలి ఒడ్డు కథ వేరు. అమెరికా నుంచి తరిమేసిన తమ మిత్ర తెగలకు చోటిస్తామన్న మాట మీద, 1796 సెప్టెంబరు 7న, అంటే లండన్ కాగితం రాసిన రోజునే, ఇక్కడ మరో పన్నెండు మైళ్ల చదరాన్ని 800 పౌండ్లకు తీసుకున్నారు. అదే ఇప్పటి సోంబ్రా. తర్వాత అక్కడ సెటిలర్ల పొలాలే మిగిలాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. దీవి నుంచి అల్గోనాక్ వైపు పడవ ఎక్కితే దిగేది అమెరికాలో, స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లు సరదాకి ఎక్కి చిక్కుల్లో పడొద్దు. పాత మ్యాపుల్లో కనిపించే సోంబ్రా ఫెర్రీ 2018లో మంచుగడ్డల దెబ్బకు ఆగిపోయింది. నది పొడవునా ఫోన్ అమెరికా టవర్ పట్టుకుంటుంది, రోమింగ్ ఆపేయకపోతే బిల్లు మోగుతుంది. నీటిదుబ్బుల్లో వేటకు, చేపలకు బ్యాండ్ అనుమతి కావాలి, ఒంటారియో లైసెన్సు చూపిస్తే చాలదు. వారసత్వ కేంద్రంలో ఎవరైనా పెద్దతో మాట్లాడాలనుకుంటే ముందు ఫోన్ చేయండి. చిన్న పొగాకు పొట్లం తీసుకెళ్లి అడిగే ముందు చేతికివ్వడం మర్యాద. మన తాంబూలం లాంటిదే అనుకోండి.

శాకాహారులకు వాలస్‌బర్గ్ నుంచి సార్నియా దాకా బంగాళదుంప వేపుడు తప్ప పెద్దగా దొరకదు. ఫ్రై బ్రెడ్ చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, మొక్కజొన్న సూపులో పంది మాంసం ఉంటుంది. అడిగి తినండి, లేదా పులిహోర కట్టుకెళ్లండి.

నాలుగో రోజు: మూర్, సార్నియా

సెయింట్ క్లెయిర్ పార్క్‌వే నది పక్కనే పోతుంది, యాభై అరవై కిలోమీటర్ల చక్కటి దారి. మధ్యలో మూర్‌టౌన్, కొరన్నా వస్తాయి. మొదటి ముక్క, మూర్ 2,575 ఎకరాలు, ఇక్కడే ఎక్కడో ఉండాలి. ఉండాలి అంటున్నది ఎందుకంటే చూడటానికి ఏమీ లేదు. 1840లలోనే ఆ రిజర్వు పోయింది, ఇప్పుడు ఇళ్లు, పడవల రేవులు. అరగంట చాలు.

రెండో ముక్క అలా కాదు. ఆమ్జివ్‌నాంగ్ రిజర్వు దగ్గరికి వచ్చేసరికి గాలి వాసన మారుతుంది. మూడు వైపులా రిఫైనరీలు, పెట్రోకెమికల్ కర్మాగారాలు, దీన్నే కెమికల్ వ్యాలీ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో 1942లో కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీతో ఊపందుకుంది. దేశం దీన్ని చూసి ఎంత మురిసిపోయిందంటే 1971 పది డాలర్ల నోటు వెనక ఈ పొగగొట్టాల బొమ్మే వేశారు. రిజర్వు శ్మశానం పక్కనే ఫ్యాక్టరీ కంచె ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో గాలిలో బెంజీన్ మోతాదు పెరిగి జనానికి తలనొప్పులు, వాంతులు రావడంతో సంఘం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మోగే సైరన్ పరీక్ష కోసమే, వేరే వేళ మోగితే కారు అద్దాలు ఎక్కించి లోపలే ఉండండి.

10,280 ఎకరాల్లో ఇప్పుడు మిగిలింది మూడు వేల పైచిలుకు. పోయిన వాటిలో 2,540 ఎకరాల కథ న్యాయవిద్యార్థులు తప్పక చదువుతారు. 1839లో మాల్కం కామరన్ అనే వ్యాపారి, రాజకీయవేత్త, ఆ భూమి కొనడానికి ఒప్పందం చేసుకున్నాడు. 1853లో అతనికి పట్టా వచ్చేసింది. మధ్యలో జరగాల్సింది, 1763 రాజశాసనం ప్రకారం తెగ సభలో కూర్చుని రాజుకు భూమి వదులుకోవడం, జరగలేదు. రాజుకు తప్ప ఎవరికీ అమ్మకూడదు, అదీ బహిరంగ సభలోనే అన్నది ఆ శాసనం గుండెకాయ. సంఘం దావా వేసింది. 2000 డిసెంబరులో ఒంటారియో అప్పీలు కోర్టు భూమి సరిగ్గా వదులుకోలేదని ఒప్పుకుంటూనే, నూట యాభై ఏళ్లు గడిచాయి, ఇప్పుడక్కడ అమాయకంగా కొనుక్కున్న రెండు వేల మంది ఉన్నారు కాబట్టి పట్టాలు చెల్లుతాయని తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. అనుభవం కాగితాన్ని ఓడించిన కేసు. ఈ తీర్పు సరైందేనని వాదించేవాళ్లు, 1853లో ఎవరు ఆలస్యం చేశారన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పరు.

సాయంత్రం పాయింట్ ఎడ్వర్డ్ దగ్గర బ్లూ వాటర్ వంతెన కింద నిలబడితే హ్యూరన్ సరస్సు నదిలోకి ఎంత జోరుగా దిగుతుందో కనిపిస్తుంది. నీళ్లు చూడటానికి బాగుంటాయి, దిగొద్దు.

ఐదో రోజు: కెటిల్ పాయింట్, స్టోనీ పాయింట్

సార్నియా నుంచి యాభై కిలోమీటర్లు. కెటిల్ పాయింట్ పేరు అక్కడి రాళ్ల వల్ల వచ్చింది. నల్లటి పలకరాతిలో ఇమిడిన గుండ్రటి రాతి గోళాలు, కొన్ని అడుగు మందం, కొన్ని మూడడుగులు. అలలు పలకల్ని కోసేశాక బోర్లించిన కాగుల్లా బయటపడతాయి. సరస్సు నీటిమట్టం ఎక్కువున్న ఏడాది అసలు కనబడవు. ముట్టుకోవచ్చు, ఎత్తుకుపోకూడదు. ఒడ్డు రిజర్వులో ఉంది కాబట్టి కారు ఎక్కడ ఆపాలో ఊళ్లో అడగండి.

మంచి ఇసుక ఒడ్డు మాత్రం వీళ్ల చేతిలో లేదు. 1927లో సుమారు 83 ఎకరాల ఒడ్డును ఒక సార్నియా వ్యాపారికి వదులుకునేలా ఓటింగు పెట్టారు. ఓటు వేసినవాళ్లకు సభలోనే ఐదు డాలర్లు, తర్వాత ఇంకో పది. ఓటుకు నోటు కనిపెట్టింది మనమే అనుకుంటాం. 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా వదులుకోవడం చెల్లుతుందన్నారు. మరుసటి ఏడాది స్టోనీ పాయింట్ ఒడ్డున 377 ఎకరాలు ఇలాగే పోయాయి. అందులో 109 ఎకరాలను 1936లో ప్రాంతీయ ప్రభుత్వం కొని ఇప్పర్‌వాష్ పార్కు చేసింది. అక్కడ తమ సమాధులున్నాయని, కాపాడమని 1937లోనే సంఘం ఉత్తరం రాసింది.

నాలుగో ముక్క వంతు 1942లో వచ్చింది. సైన్యానికి శిక్షణ శిబిరం కావాలన్నారు, స్టోనీ పాయింట్‌లో మిగిలిన 2,240 ఎకరాలు అడిగారు. 59 మంది వద్దన్నారు, 13 మంది సరేనన్నారు. యుద్ధకాల చట్టం కింద ఏప్రిల్ 14న లాగేసుకుని 50,000 డాలర్లు లెక్కగట్టారు. ఇళ్లను ఎత్తి బండ్ల మీద కెటిల్ పాయింట్‌కు ఈడ్చుకెళ్లారు. యుద్ధం అయ్యాక ఇచ్చేస్తామన్నారు, ఇవ్వలేదు. 1993లో ఆ కుటుంబాల వాళ్లు శిబిరంలోకి తిరిగొచ్చి కూర్చున్నారు. 1995 సెప్టెంబరు 6 రాత్రి పార్కు గేటు దగ్గర ఆయుధం లేని డడ్లీ జార్జ్‌ను ప్రాంతీయ పోలీసులు కాల్చి చంపారు. జస్టిస్ సిడ్నీ లిండెన్ విచారణ నివేదిక 2007లో వచ్చింది, సంఘం 1937లో రాసిన ఉత్తరం సంగతీ అందులో ఉంది. శిబిరం భూమి తిరిగిచ్చే ఒప్పందం, 9.5 కోట్ల డాలర్లతో, 2016 ఏప్రిల్ 14న సంతకమైంది. లాక్కున్న తేదీకి సరిగ్గా డెబ్బై నాలుగేళ్లు.

21వ నంబరు రోడ్డు, ఆర్మీ క్యాంప్ రోడ్డు కలిసే చోట బండి ఆపి చూడొచ్చు, లోపలికి వెళ్లొద్దు. సైన్యం వదిలేసిన పేలని గుండ్లు నేలలో, నీటి అడుగున ఇంకా ఉన్నాయి, ఏరివేత ఏళ్లుగా నడుస్తోంది. పైగా అది ఇప్పుడు మనుషులు కాపురముంటున్న ఊరు. దాని పేరు ఆజూడెనా. ఈత కొట్టాలనిపిస్తే పావుగంట ఉత్తరాన పైనరీ పార్కుంది, వేసవి వారాంతాల్లో డే పాస్ ముందే బుక్ చేయకపోతే గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

ఆరో రోజు: గోడరిచ్, తిరుగు దారి

ఉత్తరానికి గంట పైన. మైట్లాండ్ నది సరస్సులో కలిసే చోట ఎత్తైన గట్టు మీద గోడరిచ్. నది పాత పేరు మెనెసెటుంగ్. ఊరి నడుమ ఎనిమిది వీధులు కలిసే అష్టకోణపు కూడలి, దాన్ని ఇక్కడివాళ్లు స్క్వేర్ అంటారు. ఎవరూ నవ్వరు.

ఒప్పందం ఎందుకంత తొందరగా కావాల్సివచ్చిందో ఈ ఊరు చెబుతుంది. 1826లో ఇంగ్లండ్‌లోని లండన్‌లో, వలస రైతులకు భూములు అమ్మే కెనడా కంపెనీ పుట్టింది. 29వ నంబరు భూమిలో సుమారు సగం, 11 లక్షల ఎకరాలు, దానికి 1,45,150 పౌండ్లకు రాసిచ్చారు, అందులో మూడో వంతు రోడ్లు, వంతెనలకు కంపెనీయే ఖర్చు పెట్టుకోవచ్చు. పెద్దలు జూలైలో గుర్తు పెట్టారు, అదే ఏడాది కంపెనీ పనులు ఇక్కడ చూసే జాన్ గాల్ట్ మనుషులు గోడరిచ్‌కు ముగ్గు పోశారు. 1,100 పక్కన 1,45,150 పెట్టి చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. మొదటిది ఏటా ఇచ్చేది, రెండోది వాయిదాల్లో కట్టేసి ముగించేది. నేరుగా భాగించి శాతాలు చెప్పేవాళ్లు లెక్క తప్పుతున్నారు. ఈ ఊరి అడుగున, సరస్సు కింద, ఇప్పుడు పెద్ద ఉప్పు గని ఉంది. 1866లో నూనె కోసం తవ్వితే ఉప్పు పడింది.

తిరుగు ప్రయాణం 8వ నంబరు రోడ్డు మీద. కంపెనీ 1828లో అడవి నరికి వేసిన హ్యూరన్ రోడ్డు ఇదే. పక్కదారుల్లోకి ఒకసారి మళ్లి వెడల్పు చూడండి: కంచె నుంచి కంచెకు 66 అడుగులు. సర్వేయరు గొలుసు ఒకటి సాగదీస్తే అంత. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల చదరం, అంటే ఆ గొలుసులో సగం. ఒకే దొర, ఒకే కొలత. పెద్దలు కాగితంలో చెప్పిన హద్దులు ఏరు, నదీముఖం, రాళ్ల గుట్ట. సర్వేయరు వాటి మీద గొలుసు పరిచి గళ్లు కొట్టాడు. ఏరు వంపు తిరిగిన చోటల్లా గీత తిన్నగా పోయింది. రిజర్వు హద్దుల తగాదాల్లో చాలా వాటికి మూలం ఆ వంపులే.

స్ట్రాట్‌ఫర్డ్, కిచెనర్ మీదుగా బ్రాంప్టన్‌కు 180 కిలోమీటర్లు. ఆదివారమైతే బీచుల నుంచి తిరిగే బండ్లతో దారి నిండిపోతుంది, మూడింటికల్లా గోడరిచ్ వదలండి.